బాతు బొమ్మ సంచి

ఆ రోజు ఇంట్లో ఎవరెవరున్నారంటే, పెదనాన్న, పెద్దమ్మ, రాత్రి డ్యూటీ దిగి వచ్చి పక్కగదిలో తలుపేసుకుని నిద్రపోతున్న అన్నయ్య, వదిన, వదిన చంకలో ఎనిమిది నెలల చంటిది, గోడవారగా పేర్చిన లైటు స్టాండ్ల మధ్య ఫొటోలు తీసే పిన్ని, ఆ స్టాండ్ల వెనకాల గుసగుస అని పిలిచే పిల్ల. ఏడుగురు. కెమెరాని కూడా మనిషిగా లెక్కేస్తే ఎనిమిది, లెక్కెయ్యాల్సిందే, ఎందుకంటే ఆ రెండు గదుల ఇంట్లో దానికొక్కదానికే విడిగా పక్క ఉంది, బీరువా అడుగు అరలో, పెద్దమ్మ ఉన్ని శాలువా మడతల్లో, మిగతావాళ్ళంతా ఒకరి కాళ్ళు ఒకరికి తగులుతూ ఉన్న చోటులోనే సర్దుకున్నారు. మళ్ళీ మొదటినుంచి. పెదనాన్న, పెద్దమ్మ, అన్నయ్య. భయమేస్తే ఏదో ఒకటి లెక్కపెట్టుకో అని పిన్ని చెప్పింది, సంచి వైపు మాత్రం చూడకు, నువ్వు చూస్తే పక్కవాడూ చూస్తాడు అంది, అందుకని గుసగుస మెట్రో రైల్లో కిటికీ పక్కన కూర్చుని, ఒళ్ళో ఉన్న సంచిని చూడకుండా, అద్దంలో తన గడ్డం కింద మసగ్గా కనిపిస్తున్న సంచి నీడని కూడా చూడకుండా, పొద్దున ఇంట్లో ఉన్నవాళ్ళని నాలుగోసారి లెక్కపెడుతోంది. రైలెక్కినప్పుడు పదకొండుకి అయిదు నిమిషాలు తక్కువ. పన్నెండు కొట్టేలోపు కెమెరా ఉన్న ఈ సంచి పిన్ని చేతిలో పడాలి. తొమ్మిది స్టేషన్లు, ఒక వంతెన, రెండు సందులు, ఒక నీలం తలుపు. ఆ తలుపు వెనక గడియారాలు బాగుచేసే తాత ఉంటాడు. ఊరి నడుమ టవర్ మీద ఇరవై రెండేళ్ళుగా ఆగిపోయిన గడియారాన్ని దింపించి, తన షాపులో పెట్టుకుని, మూడేళ్ళు కూర్చుని బాగుచేశాడట. ఇవాళ పన్నెండింటికి దాని లోలకాన్ని మొదటిసారి వదులుతాడు. పిన్నికి కావలసింది ఆ వదిలే చెయ్యి. క్యాలెండర్లు అచ్చువేసే ప్రెస్సువాళ్ళు పన్నెండు నెలలకి పన్నెండు జతల చేతుల ఫొటోలు అడిగారు, పనిచేసే చేతులు, అందులో ఇదే మొదటిది. ఫొటో సరిగ్గా రాకపోతే ఇంకోసారి వదులుతారా తాతా అని పిన్ని అడిగితే ఆయన కళ్ళద్దాలు తీసి తుడుచుకుని, మొదటిసారి అనేది రెండోసారి ఎలా వస్తుందమ్మా అన్నాడట. ఒక్క నిమిషం ఆగమన్నా ఆగనని కూడా అన్నాడట.

మరి అంత అవసరమైన కెమెరాని పిన్ని తనతోనే తీసుకుపోవచ్చు కదా అని పెద్దమ్మ అడిగింది. పిన్ని అలా చెయ్యదు. పిన్ని ఎక్కడికి వెళ్ళినా సామానంతా ఒకే బండిలో పెట్టదు. లైట్లు, స్టాండ్లు, గొడుగులు వీపున కట్టుకుని మనిషి వీధిలోకి దిగిందంటే ఇదిగో నేను ఫొటోలు తీసేదాన్ని అని దండోరా వేసినట్టే, వెంట పడాలనుకున్నవాడు ఆ మనిషి వెంటే పడతాడు, పడనీ, పడి ఇనప గొట్టాలు ఎత్తుకుపోనీ, కెమెరా మాత్రం వేరే దారిలో, వేరే మనిషితో, అది కెమెరా అని తనకే తెలియనట్టు రావాలి. ఇదీ పిన్ని పద్ధతి. కెమెరా పెట్టుకోవడానికే కుట్టిన నల్ల సంచి ఒకటుంది, దాని నిండా జిప్పులే, దాని మీద కంపెనీ పేరు వీధి చివరికి కనిపించేంత పెద్దగా ఉంటుంది, పిన్ని అందులో ఎప్పుడూ తన చెప్పులు, దువ్వెన, ఉతకాల్సిన బట్టలు పెడుతుంది. రెండేళ్ళ కిందట ఏదో ఊళ్ళో ఎవడో అలాంటిదాన్నే లాక్కుని పరిగెత్తాడట. పాపం వాడు ఆ చెప్పులు ఏం చేసుకున్నాడో, కనీసం వాడి కొలతైనా కాదు, అని పిన్ని ఇప్పటికీ నవ్వుతుంది. కెమెరా ఒంటి మీద ఉన్న పేరుకి నల్ల టేపు అంటించింది. పెద్ద లెన్సుకి పాత ఉన్ని మేజోడు తొడిగింది. చిన్న లెన్సు సబ్బుపెట్టెలో. ఫొటోలు దాచే కార్డులు మాత్రం ఎప్పుడూ కెమెరాతో ఉండకూడదు, అందుకని అవి గుసగుస డైరీ అట్ట లోపల, ప్లాస్టిక్ తొడుగుకీ అట్టకీ మధ్య. కెమెరా నంబరూ, లెన్సుల నంబర్లూ అదే డైరీ చివరి పేజీలో గుండ్రటి అక్షరాలతో రాసిపెట్టింది గుసగుసే. పోతే పోలీసులు మొదట అడిగేది అదేనట, నంబరెంత అని. మన సరుకు మనదేనని చెప్పడానికి మన దగ్గరుండేది ఆ నంబరొక్కటే అంది పిన్ని. గుసగుస ఆ నంబరు పక్కన ఒక చిన్న కన్ను బొమ్మ కూడా వేసింది. పిన్ని అది చూసి కొట్టెయ్యమనలేదు. అంటే బాగుందనే.

ఇక ఈ సంచి. ఇది వదిన పురిటికి వచ్చిన కానుక, పసుప్పచ్చ గుడ్డ, దాని మీద కాళ్ళు బారజాపి కూర్చున్న బాతు. బాతుకి ఒక కన్ను ఊడిపోయింది. చంటిదే పీకేసింది. లోకంలో ఏ దొంగైనా ఏ సంచైనా దొంగిలిస్తాడు కానీ చంటిపిల్లల సంచి జోలికి పోడు, అందులో ఏముంటుందో వాడికీ తెలుసు, వాడూ ఒక తల్లి కన్నవాడే కదా అని పిన్ని నిన్న దాన్ని చూసిన క్షణంలోనే అడిగేసింది. వదిన నవ్వి, చిన్నత్తయ్యా మీరడిగితే చంటిదాన్నైనా ఇచ్చేస్తాను, రెండు గంటలు నిద్రపోతాను, అంది. సంచి సర్దింది కూడా వదినే, మనసు పెట్టి సర్దింది, పక్క జేబులో పాలసీసా, అందులో నిజం పాలలా కనిపించడానికి కాస్త పాలపొడి కలిపిన నీళ్ళు, ఇంకో జేబులో గిలక, లోపల కెమెరా, దాని మీద పిన్ని స్వెట్టరు, అన్నిటికన్నా పైన ఒక డైపర్. ఒకే ఒక్కటి. చివరిది మిగిలింది, ఇది తిరిగొచ్చేస్తుందిగా, సాయంత్రం దీనికి కావాలి, అని వదిన దాన్ని రెండుసార్లు సర్ది పెట్టింది. ఎక్కిన దగ్గరనుంచి సంచి పట్టీ గుసగుస కుడికాలి మడమ చుట్టూ రెండు చుట్లు తిరిగి ఉంది, అది కూడా పిన్ని నియమమే, కూర్చున్నప్పుడు పట్టీ కాలికో కుర్చీకో కట్టెయ్యాలి, లాగితే సంచి కాదు నువ్వు లేవాలి. జిప్పు ఒంటివైపు ఉండాలి. తలుపు పక్క సీటులో కూర్చోకూడదు, లాక్కునేవాడు తలుపు మూసుకునే సమయానికి లాక్కుని దిగిపోతాడు, నువ్వు అద్దం లోపలినుంచి వాడికి టాటా చెప్పాలి.

మూడో స్టేషన్. పెదనాన్నకి ఇదేదీ నచ్చలేదు. సంచి కాదు, దాన్ని మోసే మనిషి నచ్చలేదు. పెదనాన్న రైల్వేలో పోయిన వస్తువులు దాచే గదిలో ముప్ఫై ఏళ్ళు పనిచేశాడు. ఆ గదికి గొడుగులు వచ్చేవి, ఒంటి చెప్పులు వచ్చేవి, కట్టుడుపళ్ళు వచ్చేవి, ఒకసారి ఎవరిదో కర్రకాలు వచ్చింది, కర్రకాలు మర్చిపోయి మనిషి రైలెలా దిగాడో ఆయనకి ఇప్పటికీ అంతుపట్టదు. పొద్దున టీ గ్లాసు పట్టుకుని స్టాండ్ల మధ్య దారి చేసుకుంటూ వచ్చి, ముప్ఫై ఏళ్ళలో నా గదికి రానిది ఒకటే మరదలా, కెమెరా, ఒక్కటంటే ఒక్కటి రాలేదు, దానికి కాళ్ళొస్తాయి, నడిచి వెళ్ళిపోతుంది, అన్నాడు. పిన్ని ఏదో లైటు తీగ చుడుతూ, అందుకే బావా మడమకి కట్టమన్నాను, అంది. అప్పుడు పెదనాన్న గుసగుస వైపు గ్లాసు చూపించి అన్నాడు ఆ మాట.

"పిల్ల మంచిదే. కానీ నోట్లో నాలుక లేదు. ఎవడైనా లాక్కుంటే దొంగ అని అరవను కూడా అరవదు. వాడికి దారిచ్చి పక్కకి తప్పుకుంటుంది."

గుసగుసకి కోపం రాలేదు, ఎందుకంటే అది నిజం. ఆమె అసలు పేరు ఇంట్లో ఎవరూ పిలవరు. చిన్నప్పుడే ఏదడిగినా చెవి దగ్గరికి వచ్చి చెప్పేది కాబట్టి గుసగుస అయింది. ఊళ్ళో బడిలో అయితే ఇంకా ఘోరం, తొమ్మిదో తరగతి మొదట్లో కొత్త మాస్టారు హాజరు పిలిస్తే ఆమె రోజూ పలికింది, రోజూ, కానీ ఆ పలకడం మాస్టారి బల్లదాకా వెళ్ళలేదు, నెల తిరిగేసరికి మీ అమ్మాయి బడికి రావడం లేదని ఇంటికి ఉత్తరం వచ్చింది. ఆ ఉత్తరం పట్టుకుని నాన్న బడికి వెళితే మొదటి బెంచీలోనే కూర్చుని ఉంది. మాస్టారు ఆమె వైపు కొత్తగా చేరిన పిల్లని చూసినట్టు చూశాడు. ఆ రాత్రి డైరీలో, నేను ఇవాళ బడిలో ఉన్నాను, నాన్న సాక్షి, అని రాసుకుంది. ఇప్పుడు రైలు ఏదో సొరంగంలోకి దూరింది, అద్దం నల్లబడింది, నల్లటి అద్దంలో ఆమె ముఖం స్పష్టంగా కనిపించింది, పెదవులు కదులుతున్నాయి, ఉన్నాను సార్ అంటున్నాయి, శబ్దం లేదు. పొద్దున కూడా అంతే. పెదనాన్న మాటకి పిన్ని పౌరుషపడి, అరుస్తుంది, ఎందుకరవదు, ఏదీ ఒకసారి దొంగ అను, అంది. అందరూ చుట్టూ చేరారు. గుసగుస ఊపిరి బాగా పీల్చుకుంది, కళ్ళు మూసుకుంది, నోరు తెరిచింది. బయటికొచ్చింది ఏమిటంటే సైకిల్ ట్యూబులోంచి గాలి పోయే చప్పుడు. పెద్దమ్మ పమిట అడ్డం పెట్టుకోబోయి ఆపుకోలేకపోయింది, వదిన నవ్వింది, వదినని చూసి చంటిది కిలకిలా నవ్వి అందరికన్నా గట్టిగా ఒక్క కేక పెట్టింది. దానికిచ్చి పంపండి సంచి, అన్నాడు పెదనాన్న. అని, లోపలికి వెళ్ళి, చొక్కా జేబులోంచి ఒక ఎర్ర కాగితం తెచ్చి పిన్ని చేతిలో పెట్టాడు. సాయంత్రం ఆరింటి బస్సు టికెట్టు. ఊరికి. పంతం ఏమిటంటే, గుసగుస పన్నెండులోపు కెమెరాని క్షేమంగా చేరిస్తే ఆ టికెట్టు చింపెయ్యొచ్చు, సెలవులు అయ్యేదాకా మిగతా పదకొండు జతల చేతుల దగ్గరికీ పిన్ని వెంట ఆమే వెళుతుంది, లైటు పట్టుకుంటుంది, లేకపోతే ఆరింటికి బస్సెక్కాలి. పిన్ని టికెట్టుని మడిచి జేబులో పెట్టుకుంది. సరే అంది. అదొక్కటే గుసగుసకి మింగుడుపడలేదు, సరే అని అంత తేలిగ్గా ఎలా అనగలిగింది.

అయిదో స్టేషన్ అయిపోయింది, నాలుగోది ఎప్పుడొచ్చిందో తెలియలేదు, ఎదురు సీట్లో మీసాల పెద్దమనిషి పేపరు చదువుతున్నాడు, చదువుతున్నాడా, పేజీ తిప్పలేదు, రెండు స్టేషన్లుగా ఒకే పేజీ, పేపరు పైనుంచి చూస్తున్నాడు, సంచినే. బాతునా సంచినా. పెదనాన్న, పెద్దమ్మ, అన్నయ్య, వదిన. మీసాలు గుబురుగా ఉన్నవాళ్ళు దొంగలు కావాలని ఏమీ లేదు, వాళ్ళ ఊళ్ళో పోస్టుమాన్‌కీ అలాంటి మీసాలే, ఆయన ఉత్తరాలు తప్ప ఏదీ మోసినవాడు కాడు. కానీ ఆయన మళ్ళీ చూశాడు. గుసగుస మడమని నెమ్మదిగా లోపలికి లాక్కుంది, పట్టీ బిగిసింది, ఒళ్ళో బరువు కాస్త కదిలి మళ్ళీ సర్దుకుంది, నిద్రలో ఒత్తిగిలిన పిల్లలాగే. ఈ బరువు ఆమెకి తెలుసు. కిందటి దసరాకి పిన్ని ఊరికి వచ్చినప్పుడు మొదటిసారి ఎత్తుకుంది దీన్ని, ఎత్తుకుంది అనే అనాలి, రెండు చేతులూ కింద పెట్టి, ఊపిరి బిగబట్టి, ఇంటిల్లిపాదీ జాగ్రత్త జాగ్రత్త అంటుంటే. మా ఇంటికన్నా ఖరీదుట, అని నాన్న చుట్టాలకి చెప్పుకున్నాడు. ఆ గాజు కన్నుకి తన కన్ను ఆనించి చూసినప్పుడు అమ్మ పెరట్లో బకెట్టులోంచి బట్ట తీసి పిండుతోంది. అంతే, రోజూ చూసేదే. కానీ ఆ చట్రంలో అమ్మ చేతులు మాత్రమే ఉన్నాయి, మెలి తిరిగిన గుడ్డ, వేళ్ళ మధ్యనుంచి కారుతున్న నీళ్ళు, బొటనవేలి మీద పాత కాలిన మచ్చ, ఇన్నేళ్ళుగా ఆ చేత్తోనే జడ వేయించుకుంటూ ఆ మచ్చని ఆమె ఎప్పుడూ చూడలేదు. చూడ్డానికి మాట్లాడక్కర్లేదు. గట్టిగా పలకక్కర్లేదు. ఇంతకన్నా తనకి సరిపోయే పని లోకంలో ఉందా అని ఆ రాత్రి డైరీలో రాసుకుని, ప్రశ్న గుర్తు పెట్టి, తర్వాత దాన్ని కొట్టేసింది. ఆరింటి బస్సు ఎక్కితే మళ్ళీ పెరడు, బకెట్టు, హాజరు. పెరడంటే ఇష్టమే. కానీ పదకొండు జతల చేతులు.

ఆరో స్టేషన్లో తలుపులు తెరుచుకుని ఏడుపు లోపలికి వచ్చింది, ఏడుపు వెనక బిడ్డ, బిడ్డ వెనక బిడ్డని ఎత్తుకున్నావిడ, ఆమె భుజానికి ఒక గళ్ళ సంచి, జారిపోతున్న జడ. ఆవిడ గుసగుస పక్కనే కూలబడింది. గళ్ళ సంచిని పక్కన పడేసి, బిడ్డని భుజం మార్చి, ముక్కు ఎగపీల్చేసరికి ఏమైందో ఆవిడకీ తెలిసింది, బోగీలో అందరికీ తెలిసింది. ఆవిడ తన సంచిలో చెయ్యి పెట్టి కెలికింది, అడుగుదాకా, మళ్ళీ కెలికింది, తర్వాత తల తిప్పి బాతుని చూసింది. ఆ చూపు ఎడారిలో నీళ్ళు చూసిన చూపు. గుసగుస బాతుని ఇంకాస్త దగ్గరికి హత్తుకుంది. పిన్ని అన్ని నియమాలూ చెప్పింది, దీని గురించి మాత్రం ఏమీ చెప్పలేదు.

"చెల్లీ, ఒక్క డైపర్ ఉంటే ఇస్తావా? నావి అయిపోయాయి, చూసుకోలేదు."

లేదు అనొచ్చు. తల అడ్డంగా ఊపితే చాలు. కానీ లేదంటే, చంటిపిల్ల సంచిలో డైపర్ కూడా లేకపోతే మరి అందులో ఏముందని మీసాలాయన అనుకోడా, అనుకుంటాడు, పైగా ఆ బిడ్డ ఏడుపు. పైగా డైపర్ ఉంది. అన్నిటికన్నా పైనే ఉంది. గుసగుస నోరు తెరిచేలోపే ఆవిడ మాటల్లో పడిపోయింది, ఏడుపు మీదుగా అరుస్తూ, మీదేనా బిడ్డ, అదేలే, మీ ఇంట్లోదా, ఎవరిది అని అడిగింది. పిన్నిది, అంది గుసగుస. ఆవిడ చెవి దగ్గరికి వంగి, ఆఁ అంది. పిన్నిది, అని మళ్ళీ చెప్పాల్సివచ్చింది. ఎన్ని నెలలు. పదకొండు, అంది గుసగుస, పిన్ని ఆ కెమెరా కొని సరిగ్గా పదకొండు నెలలే కాబట్టి అది అబద్ధం కాదు. నడుస్తోందా. నిలబడుతుంది, పట్టుకుంటే, అంది, మూడు కాళ్ళ స్టాండు మనసులో మెదిలి, నవ్వు వస్తుందేమోనని బుగ్గ లోపల కొరుక్కుంది. ముద్దుగా ఉంటుందా అని అడిగితే, కళ్ళు బాగుంటాయి, అంది. ఒక తెలియని మనిషితో ఒక్క దమ్ములో ఇన్ని మాటలు ఎప్పుడూ మాట్లాడలేదు, అన్నీ కెమెరా గురించే, ఒక్కటీ అబద్ధం కాదు, ఇదంతా తర్వాత డైరీలో ఎలా రాయాలో అని ఒక పక్క అనుకుంటూనే జిప్పుని నాలుగు వేళ్ళ మందం తెరిచి, చూడకుండా చెయ్యి దూర్చి, డైపర్ అంచు పట్టుకుని లాగింది. డైపర్ అంటింపు పట్టీ పిన్ని స్వెట్టరు ఉన్నికి అతుక్కుని ఉంది. డైపర్‌తో పాటు స్వెట్టరు చెయ్యి వచ్చింది, స్వెట్టరు చేతితో పాటు స్వెట్టరు వచ్చింది, కింద మేజోడు తొడుక్కున్న లెన్సూ, నల్ల టేపు అంటించిన నల్లటి ఒళ్ళూ, పట్టపగలులా.

ఆవిడ చూసింది. తప్పకుండా చూసింది, ఎందుకంటే నోరు సగం తెరిచి ఆగిపోయింది. పెదనాన్న, పెద్దమ్మ, ఇంకెవరు, ఇంట్లో ఇంకెవరున్నారు, లెక్క తెగిపోయింది. ఆవిడ మాత్రం డైపర్ అందుకుని, ఎదురుగా ఉన్న మీసాలాయనతో, అన్నా ఆ పేపరు ఇలా ఇస్తారా, చదివింది చాలు, అంది, ఆయన వెంటనే ఇచ్చేశాడు, చదువుతుంటేగా. పేపరు సీటు మీద పరిచి, బిడ్డని పడుకోబెట్టి, అలవాటైన చేతులతో, ఆ చేతులు, ఒక చెయ్యి రెండు కాళ్ళనీ ఒక్క పట్టులో ఎత్తితే రెండోది తుడిచి మడిచి అతికించింది, కళ్ళు మూసి తెరిచేంతలో అయిపోయింది, ఈ చేతులు కూడా ఆ పదకొండింటిలో ఉండాల్సింది అని గుసగుసకి అంత భయంలోనూ తోచింది. ఏడుపు ఠక్కున ఆగింది. బోగీ మొత్తం ఊపిరి పీల్చుకుంది, అంటే, కాస్త జాగ్రత్తగా పీల్చుకుంది. అప్పుడు ఆవిడ పాత డైపర్‌ని పేపర్లో చుట్టి, ఒక పల్చటి కవర్లో ముడివేసి, గుసగుస వైపు జరిగి, గొంతు తగ్గించింది.

"ఇదా నీ పదకొండు నెలల బిడ్డ? నిజమే, కళ్ళు బాగున్నాయి." అని, స్వెట్టరుని మళ్ళీ లెన్సు మీద కప్పి, అంచులు పక్కలకి దోపి, ముడివేసిన కవరుని అన్నిటికన్నా పైన పెట్టి జిప్పు వేసింది. "నీ కొత్త డైపర్ తీసేసుకున్నాగా. ఇది ఉండనీ. ఇక ఏ మహానుభావుడూ ఇందులో చెయ్యి పెట్టడు."

గుసగుస తల ఊపింది, ఆవిడ నవ్వింది, బిడ్డ పాలసీసా వైపు చెయ్యి చాపింది, వద్దు అది పాలు కాదు, అనే లోపు రైలు ఆగింది, ఆవిడ కిటికీలోంచి చూసి, నా స్టేషన్ ఇదే, అని బిడ్డని ఎత్తుకుని లేచి తోసుకుంటూ దిగిపోయింది. ఎనిమిదో స్టేషన్. తర్వాతిదే మనది. గుసగుస ఊపిరి వదిలి, పక్కకి చూసింది. గళ్ళ సంచి సీటు మీదే ఉంది. జిప్పు తెరిచి ఉంది, లోపల పర్సు, ఫోను, తాళాలు, ఎవరి కంటికైనా ఎదురుగా. ఆవిడ ప్లాట్‌ఫాం మీద జనంలో, వీపు ఇటు తిప్పి, వెళ్ళిపోతోంది. గుసగుస లేచింది. లేవబోయింది. కుడికాలు రాలేదు. పట్టీ రెండు చుట్లు. లాగితే సంచి కాదు నువ్వు లేవాలి, కానీ లేస్తే సంచితో లేవాలి, సంచితో లేచి విప్పుకునేలోపు తలుపులు మూసుకుంటాయి, సంచి వదిలి పరిగెత్తితే పిన్ని, గడియారం, ఆ ఒక్క చెయ్యి. కాళ్ళు కట్టేసి ఉన్నాయి. చేతులు బాతు చుట్టూ ఉన్నాయి. ఖాళీగా ఉన్నది నోరొక్కటే.

"అక్కా! నీ సంచీ!"

తలుపుల గంట మోగుతోంది, ఆ గంట మీదుగా వెళ్ళింది ఆ కేక. ప్లాట్‌ఫాం మీద ఆవిడ ఒక్కతే కాదు, బహుశా అక్కలైన ఆడవాళ్ళంతా వెనక్కి తిరిగారు. బోగీలో అందరూ తిరిగారు. మీసాలాయన ఎగిరి గళ్ళ సంచి అందుకుని, మూసుకుంటున్న తలుపు మధ్య భుజం అడ్డం పెట్టి, పరిగెత్తుకొచ్చిన ఆవిడ చేతిలో పడేశాడు. తలుపు ఆయన చొక్కా గుండీ ఒకటి తీసుకుని మూసుకుంది. అద్దం అవతల ఆవిడ సంచీ బిడ్డా కలిపి గుండెకి హత్తుకుని ఏదో అంటోంది, వినపడలేదు, పెదవులు కదులుతున్నాయి, శబ్దం లేదు, అచ్చం హాజరు పలికే గుసగుసలాగ. మీసాలాయన రొప్పుతూ వచ్చి తన సీట్లో కూర్చుని, అమ్మాయ్ గొంతులో మైకేమైనా పెట్టుకున్నావా, అన్నాడు. ఆ తర్వాత కాస్త సిగ్గుపడుతూ, ఇందాకటినుంచి అడుగుదామనుకుంటున్నాను, ఆ బాతు సంచి ఎక్కడ కొన్నారు, మా మనవరాలికి బాతులంటే ప్రాణం, అని అడిగాడు. కానుకొచ్చిందండీ, అని గుసగుస చెప్పింది. ఆయన ఆఁ అని చెవి పెట్టలేదు. మొదటిసారికే వినిపించింది.

వంతెన మీద నడుస్తున్నప్పుడు కాళ్ళు తేలిపోతున్నాయి, అయినా సంచి రోడ్డు వైపు కాకుండా గోడ వైపు భుజానికే ఉంది, చెయ్యి బాతు మెడ మీదే ఉంది, నియమం నియమమే. చెవుల్లో ఇంకా ఆ కేక తిరుగుతోంది, అది నాదేనా, అంత పొడుగుందా నా గొంతు, ఇన్నాళ్ళూ ఎక్కడ దాచిపెట్టాను దీన్ని, మడతల్లో, మేజోడు తొడిగి. దొంగ అని అరవలేకపోయింది పొద్దున. ఎలా అరుస్తుంది, ఇంట్లో దొంగ ఎవరూ లేరు కదా, పెదనాన్న, పెద్దమ్మ, అన్నయ్య, వదిన, చంటిది, పిన్ని, అందరూ మనవాళ్ళే. లెక్క మళ్ళీ కుదిరింది. మొదటి సందు. రెండో సందులో ఇనుము కోసేవాళ్ళు, తాళాలు చేసేవాళ్ళు, చివర నీలం తలుపు. పదకొండు నలభై ఎనిమిది. తట్టింది. లోపల వంద గడియారాలు టక్ టక్ మంటున్నాయి, ఆ చప్పుళ్ళలో ఆమె తట్టుడు కూడా ఒక గడియారమే అయిపోయింది, ఎవరూ రాలేదు. మళ్ళీ తట్టింది. నలభై తొమ్మిది. గుసగుస గొంతు సవరించుకుంది, ఊపిరి పీల్చుకోలేదు, కళ్ళు మూసుకోలేదు.

"పిన్నీ! తలుపు!"

గడియ తీసిన చప్పుడు, పిన్ని ముఖం, ఆ ముఖంలో సంచి చూసిన సంతోషం కన్నా ఇంకేదో వింత ఎక్కువ, ఇప్పుడు పిలిచింది ఎవరు, నువ్వా, అన్నట్టు సందులోకి తొంగి చూసింది కూడా. అప్పుడు సంచి లాక్కుని బల్ల మీద పెట్టి జిప్పు తీసి, ఆదరాబాదరా చెయ్యి లోపల పెట్టి, అలాగే ఆగిపోయింది. గడియారాల తాత ఇత్తడి చక్రం మీదనుంచి తలెత్తి, ముక్కు ఎగబీల్చి, అమ్మా, ఇరవై రెండేళ్ళు ఆగినదాన్ని మూడేళ్ళు కష్టపడి కదిలిస్తున్నాను, ఈ వాసనకి అది మళ్ళీ ఆగిపోతే నా పూచీ లేదు, అన్నాడు. మీ వదిన పెట్టింది ఇది కాదు కదే, అంది పిన్ని, కవరుని రెండు వేళ్ళతో ఎత్తి పట్టుకుని. ఇది ఇంకో ఆవిడ పెట్టింది, అని గుసగుస మొదలుపెట్టబోతే, తర్వాత, తర్వాత, అంతా చెబుదువుగాని, కార్డులేవి, అంది. గుసగుస డైరీ అట్ట విప్పి కార్డులు తీసి ఇచ్చింది. పిన్ని చేతులు మేజోడు లాగాయి, లెన్సు తిప్పాయి, టేపు సరిచేశాయి, అన్నీ ఉన్నాయి, ఒక్క గీత లేదు, కెమెరా మూడు కాళ్ళ మీదికెక్కి కూర్చుని తాత చేతి వైపు చూసింది. ఆ మూడు కాళ్ళలో ఒకదాని కింద, గచ్చు పల్లంగా ఉన్నచోట ఊగకుండా, ఎర్రటి కాగితం ముక్క ఒకటి నాలుగు మడతలు పెట్టి దోపి ఉంది. గుసగుస వంగి చూసింది. సాయంత్రం ఆరింటి బస్సు. స్టాండు బరువుకి మడతలు అణిగి, అంచు చిరిగి, ఎప్పుడో పొద్దున లైట్లు సర్దినప్పుడే పెట్టినట్టుంది, అప్పటికి ఆమె ఇంకా ఇల్లే కదల్లేదు.

"ఏంటలా చూస్తావు, ఊగుతోంది, అందుకని పెట్టాను," అంది పిన్ని, అని కవరు తెచ్చి ఆమె చేతిలో పెట్టి, భుజాలు పట్టుకుని గుమ్మం దాటించింది. "సందు చివర చెత్తకుండీ ఉంది. పారేసి పరిగెత్తుకురా, లైటు పట్టుకోవాలి. వచ్చి తట్టకు, పిలువు. ఇందాకటిలా పిలువు, లేకపోతే తియ్యను."

లోపల కెమెరా ఉన్నంతసేపు తలుపు ఎవరి కోసమూ బార్లా ఉండకూడదు, అది కూడా పిన్ని నియమమే, ఎవరికైనా ఒకటే. గుసగుస సరే అని గట్టిగా అనబోతుండగానే నీలం తలుపు ఆమె ముఖం మీద మూసుకుంది, వెనకాలే గడియ.